పీత కష్టాలు

“సీత కష్టాలు సీతవి, పీత కష్టాలు పీతవి” అని మనవాళ్ళు మాటవరసకి అనేస్తూ వుంటారు. సీత కష్టాలు చెప్పడానికి మహాకవులున్నారు. హరిదాసులు వాటిని పాడారు, నాటకాలవాళ్ళు ఆడారు, సినిమావాళ్ళు తీశారు. పీత కష్టాలు మాత్రం ఎవరూ విచారించినట్టు లేదు. పాపం, ప్రాస కోసం దాన్ని సామెతలోకి లాక్కొచ్చి, అక్కడే వదిలేశారు. ఆ పని నేనెందుకు చెయ్యకూడదని కాగితం ముందేసుకుని కూర్చున్నాను.

“పీతల సంగతి నీకేం తెలుసునయ్యా?” అని మీరు అడగవచ్చు. మచిలీపట్నం నుంచి వచ్చి మా కాలేజీలో నాతోపాటు పాఠాలు చెప్పిన ఒక మిత్రుడు సరిగ్గా ఇదే ప్రశ్న వేశాడు. “మీది పాలమూరు. గుట్టలు, బండలు, సీతాఫలం చెట్లు. పీత అంటే సముద్రమండీ! మీ వూళ్ళో పీత ఏం తిని బతుకుతుంది, రాళ్ళా?” అని పకపకా నవ్వాడు. అప్పుడు నేను ఏమీ అనలేదు. దానికి జవాబు నాలుగు మాటల్లో చెప్పేది కాదు.

మా వూరు పాత పాలమూరు జిల్లా అంచున వుంది. డిండి వాగు దాటితే అవతల నల్లగొండ. ఏడాదికి 600 మిల్లీమీటర్ల వాన కురిస్తే అదే పదివేలు అనుకునే నేల. ఆ కురిసిన నాలుగు చినుకుల్నీ ఆపుకోవడానికి పెద్దలు వాగుకు అడ్డంగా కట్ట వేసి చెరువు చేశారు. కట్ట కింద తూము, తూము కింద కాలువ, కాలువ కింద వరిమళ్ళు. ఆ మళ్ళ ఒడ్లలో కాపురం చేసేదే మా పీత. మేము దాన్ని పీత అనం, ఎండ్రికాయ అంటాం. శాస్త్రజ్ఞులు పెట్టిన పేర్లు చెబితే నోరు తిరగదు. ఒకదాని పేరు బారిటెల్ఫూసా గెరిని, ఇంకొకదాని పేరు ఓజియోటెల్ఫూసా సెనెక్స్. 1836లో వెస్ట్‌వుడ్ అనే ఇంగ్లీషు పండితుడు దక్కను పీత ఒకదానికి “క్యునిక్యులారిస్” అని నామకరణం చేశాడు. లాటిన్ భాషలో ఆ మాటకు మూలం కుందేలు, దాని బొరియాను. కుందేలు మాదిరి నేల తొలిచేదని భావం. ఎంత దూరాన కూర్చుని పెట్టినా, పేరు మాత్రం అతికినట్టు పెట్టాడు సుమండీ.

దాని తవ్వకం ఎట్లాంటిదో మా ఇంట్లో అందరికీ తెలుసు. ఎందుకంటే మా నాయిన ఆ చెరువుకు నీరడి. తూము తియ్యడం, మూయడం, ఎవరి మడికి ఎంత నీళ్ళో చూసి వదలడం, కట్టను కాయడం నీరడి పని. వానాకాలం దగ్గర పడుతున్నదంటే నాయిన భుజాన పార వేసుకుని కట్ట ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచేవాడు. ఎక్కడైనా చిన్న చిన్న మట్టి వుండలు కుప్పగా కనబడితే ఆగేవాడు. అది ఎండ్రికాయ ఇంటి గడప అన్నమాట. మనకు కనబడేది మూడువేళ్ళ వెడల్పు రంధ్రమే. లోపల అది వంకర్లు తిరిగి నీటిచెమ్మ తగిలేదాకా పోతుంది. మనిషి భుజందాకా చెయ్యి పెట్టినా కొన నాకెప్పుడూ అందలేదు.

నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఒక రాత్రి జోరున వాన కురిసింది. అలుగు పారుతున్నది. నాయిన లాంతరు పట్టుకుని కట్ట దిగువన నడుస్తున్నాడు, వెనక గోనెసంచి కప్పుకుని నేను. ఒకచోట కట్ట అడుగున సన్నగా నీళ్ళు కారుతున్నాయి. వంగి దోసిట్లో పట్టి లాంతరు దగ్గర పెట్టి చూశాడు. “తేటగ కారితే చెరువుకు చెమట పట్టినట్టు బిడ్డా, బురదగ కారితే కట్ట కరిగిపోతున్నట్టు” అని ఎప్పుడూ చెప్పేవాడు. ఆ రాత్రి దోసిట్లో నీళ్ళు ఎర్రగా వున్నాయి. నాయిన లాంతరు నా చేతికిచ్చి, వూరివైపు తిరిగి పెట్టిన కేక నాకింకా వినబడుతూనే వుంది.

వూరంతా పారలు, తట్టలు, గడ్డి మోపులు పట్టుకుని ఉరికి వచ్చింది. నాయిన చెరువులోపలి వైపు దిగి, మెడలోతు నీళ్ళలో కాలితో తడుముకుంటూ, నీరు ఎక్కడ పీలుస్తున్నదో కనిపెట్టాడు. అక్కడ గడ్డిచుట్ట కుక్కి, దానిమీద బంకమట్టి దట్టించారు. తెల్లవారుజాముకు కింద కారే నీళ్ళు తగ్గి, తేటబడ్డాయి. నీళ్ళు దిగినాక ఆ బొరియను మొదలంటా తవ్వి, మట్టి పోసి, దిమ్మిసతో కొట్టారు. నోరు మాత్రం మూస్తే లోపల డొల్ల అట్లాగే వుండి, మరో వానకు మళ్ళీ ప్రాణం మీదికి తెస్తుంది.

ఆ తవ్వకంలో చివరికి ఇంటి యజమాని బయటపడింది. పిడికిలంత ఎండ్రికాయ. రెండు కొండేలూ పైకెత్తి, “నా ఇల్లు తవ్వడానికి మీరెవరు?” అన్నట్టు నిలబడింది. నాయిన బొటనవేలు పట్టి రక్తం వచ్చేదాకా వదల్లేదు. దాన్ని చంపేస్తాడనుకున్నాను. కిందిమడిలోకి విసిరేసి, వేలు నోట్లో పెట్టుకుని, “దాని పని అది చేసింది. మన పని మనం చెయ్యాలె” అన్నాడు.

పొలంలోనూ దాని అల్లరి తక్కువేమీ కాదు. నాటు వేసిన నాలుగు రోజులకు లేత పైరును మొదట్లో కత్తిరించి పెడుతుంది. పైమడి ఒడ్డుకు రంధ్రం వేసి నీళ్ళన్నీ కిందిమడికి దింపుతుంది. పైమడి ఆసామి, కిందిమడి ఆసామి మీద పడతాడు. “నీళ్ళు దొంగిలించినవ్!” అంటే “నీ ఎండ్రికాయనడుగు!” అంటాడు వాడు. ఇట్లా మాట్లాడుకోని అన్నదమ్ములు మా వూళ్ళో రెండిళ్ళవాళ్ళు వున్నారు.

పిల్లలం మాత్రం దానికి మంచి స్నేహితులం. అంటే, పట్టుకు తినేవాళ్ళమని అర్థం. జొన్నపుల్లకు ఎర్రను కట్టి బొరియలోకి వదిలితే లోపల చటుక్కున పట్టుకుంటుంది. మెల్లమెల్లగా లాగాలి. కడుపు కింది రేకు సన్నగా వుంటే మగది, వెడల్పుగా గుండ్రంగా వుంటే ఆడది. జలుబు చేసినవాళ్ళకు ఎండ్రికాయ పులుసు మంచిదని మా అవ్వ నమ్మకం. అందులో కారం వేసే తీరు చూస్తే జలుబే కాదు, ఏదైనా పారిపోతుంది. బాగా వుడికించి తినాలన్న నియమం మాత్రం ఆమె ఎన్నడూ తప్పలేదు. పచ్చిగా తింటే వూపిరితిత్తుల్లో పురుగు చేరే ప్రమాదం వుందని తరువాత చదువుకున్నాను.

అన్నట్టు, పీతల బుట్టకు మూత అక్కరలేదు, ఒకటి ఎక్కబోతే ఇంకొకటి కాలు పట్టి లాగుతుంది అని మన తెలుగువాళ్ళ మీద ఒక హాస్యం వుంది కదా! మా బుట్టలో ఒకదాని వీపు మీద ఇంకొకటి ఎక్కి తప్పించుకుపోయినవి నేను లెక్కలేనన్ని చూశాను. ఆ మాట పుట్టించినవాడు బుట్ట దగ్గర ఎక్కువసేపు కూర్చోలేదు కాబోలు.

1972లో వానలు మొహం చాటేశాయి. చెరువు అడుగు నెర్రెలు విచ్చింది. ఎండ్రికాయలు లోతుకు పోయి, పైన మట్టి కప్పుకుని వుండిపోయాయి. మట్టి కప్పుకుని వుండిపోయే విద్య మనిషికి లేదు. చెరువు ఎండితే నీరడికి పని ఏముంది? ఒకనాడు గుంపు మేస్త్రి వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. నాయిన చేతిలో మూడువందల రూపాయలు పెట్టాడు. దూరదేశంలో ఎక్కడో ఆనకట్ట కడుతున్నారు, మట్టిపని వుంది, ఆలూమగలిద్దరూ రావాలన్నాడు. మరునాడు తెల్లవారక ముందే లారీ వచ్చింది. మా వూరినుంచి ఆ ఏడు పోయింది మేమొక్క ఇల్లే కాదు. పాలమూరువాళ్ళు దేశమంతా ఆనకట్టలు కట్టారు, తమ వూరి చెరువు మాత్రం ఎండిపోయింది.

అమ్మ చంటిపిల్ల నా చెల్లెల్ని చంకనెత్తుకుంది. నన్ను అవ్వ దగ్గర వదిలింది. అప్పుడు నాకు పదేళ్ళు. లారీ వెంట వూరి చివరి చింతచెట్టుదాకా పరిగెత్తాను. చెల్లెల్ని తీసుకుపోయింది, నన్ను వదిలిపోయింది. ఈ లెక్క ఎన్నిసార్లు వేసుకున్నా నాకు తేలలేదు.

మరుసటేడు మృగశిర కార్తెలో వానలు పడ్డాయి. మట్టి మూతలు తీసుకుని ఎండ్రికాయలు బయటకొచ్చాయి. నేనొక పెద్ద ఆడదాన్ని పట్టి, పులుసుకు పనికొస్తుందని సంబరంగా ఇంటికి తెచ్చాను. అవ్వ తిరగవేసి, కడుపు కింది రేకును వేలితో కొంచెం పైకెత్తింది. లోపల గుంపులు గుంపులుగా పిల్లలు! ఒక్కొక్కటి మినపగింజంత వుంటుందేమో. అప్పుడే పుట్టినా, కాళ్ళు, కొండేలు అన్నీ అమరిన అచ్చమైన ఎండ్రికాయలు. తల్లి కడుపుకు కరుచుకుని కదులుతున్నాయి.

నాకు మా బడిపంతులుగారు చెప్పింది గుర్తుకొచ్చింది. సంస్కృతంలో “కర్కటీ గర్భం” అని ఒక మాట వుంది. పీత గర్భం ధరించేది తన చావుకేనట, పిల్లలు తల్లి పొట్ట చీల్చుకుని పుడతాయట. అదే అవ్వకు చెప్పాను. అవ్వ నా చేతివైపు చూసి, “చచ్చిందారా? ఇంతకుముందే నీ ఏలు పట్టింది గద! చచ్చినదెట్ల పడ్తది?” అన్నది. పండితులకు తట్టని ప్రశ్న. రేకు కింద మూగిన పిల్లల్ని చూసి, ఎవరో పాతకాలంలో కడుపు చీలిందనుకుని వుంటారు.

“పిల్లలతల్లి. పోయి మడిల ఇడిసిరా కొడుకా,” అన్నది అవ్వ.

నేను కదల్లేదు. “అవ్వా, ఇది ఇంతమంది పిల్లల్ని కడుపుల పెట్టుకొని తిరుగుతున్నది. మా అమ్మ నన్నొక్కన్ని ఎందుకు తీస్కపోలే?” అన్నాను.

అవ్వ ఏమీ అనలేదు. ఎసట్లో బియ్యం పోసి, మంట ఎగదోసి, పొగ తగిలినట్టు కళ్ళు తుడుచుకుంది. నేను పోయి ఎండ్రికాయను మడిలో వదిలివచ్చాను.

దసరాకు అమ్మా నాయినా తిరిగివచ్చారు. అమ్మ చంక ఖాళీగా వుంది. అక్కడ డేరాల్లో జ్వరాలు తగిలాయట. అంతకుమించి మా ఇంట్లో ఎవరూ మాట్లాడలేదు. అయినా నా మనసులో ఆ పాత ప్రశ్న పోలేదు. పిల్లల మనసులో దయ తక్కువ. “నన్నెందుకు వదిలిపోయినవు?” అన్నది అడక్కుండానే, అడిగినట్టు చూస్తూ పెరిగాను.

బడిలో మార్కులు బాగా రావడంచేత చదువు సాగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదవడానికి పోతే, ప్రయోగశాల తొట్టెలో మా వూరి ఎండ్రికాయ నా కోసం కాచుకుని వుంది! బారిటెల్ఫూసా గెరిని మీద అక్కడ ఎన్నో పరిశోధనలు జరిగాయి. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడు మనుషుల ఎముకల్ని ఎట్లా వంచిందో అందరికీ తెలుసు. ఆ ఫ్లోరైడు ఈ పొలంపీత శ్వాస మీదా, నరాలకు అవసరమైన ఒక ఎంజైము మీదా ఎట్లా పని చేస్తుందో పరీక్షించిన వ్యాసం ఒకటి 1990లో అచ్చయింది. చూశారా, మా కష్టాల్లో కూడా అది మాకు తోడే.

మా అవ్వ వేలితో చూపించినదానికి శాస్త్రం చెప్పే కారణం కూడా అక్కడే తెలిసింది. మెరకభూముల పీతకు సముద్రంతో పని లేదు. అది పెట్టే గుడ్లు వందల్లోనే, కాని పెద్దవి. పిల్లకు కావలసిన ఆహారమంతా గుడ్డులోనే మూటగట్టి వుంటుంది. అంచేత పిల్ల పూర్తిగా పీత రూపం వచ్చాకే బయటకొస్తుంది. వచ్చాక కూడా కొన్నాళ్ళు తల్లి కడుపు రేకు కిందనే వుంటుంది.

సముద్రతీరపు పీత కథ వేరు. అది చూసే భాగ్యం 1996లో కలిగింది. మొదట చెప్పిన ఆ మచిలీపట్నం మిత్రుడే, విద్యార్థుల్ని వెంటబెట్టుకుని కృష్ణ సముద్రంలో కలిసేచోటికి తీసుకుపోయాడు. కృష్ణ తెలంగాణలో అడుగుపెట్టేది మా పాలమూరు తంగిడి దగ్గర. మా గుట్టలు కోసుకుంటూ పోయిన ఆ నీళ్ళే, కడపటికి నాగాయలంక దాటి మడ అడవుల మధ్య బురదలో కలిసి, ఉప్పగా మారి, రోజుకు రెండుసార్లు పోటు వచ్చి పొంగడం, ఆటు వచ్చి తియ్యడం జరుగుతుంది.

ఆటు సమయానికి పడవ దిగాము. బురదనేల అంతా చిల్లుల జల్లెడ. కాసేపు కదలకుండా నిలబడితే, చిల్లుల్లోంచి చిన్న చిన్న పీతలు వందలకొద్దీ బయటికొచ్చాయి. మగదానికి ఒక కొండి తన ఒంటికన్నా పెద్దది. దాన్ని పైకీ కిందికీ ఆడిస్తూ ఆడపీతను పిలుస్తుంది. రెండో చిన్న కొండితో బురద ముద్దలు నోటికందించుకుని, అందులో సారం తిని, మిగతాది వుండచేసి పక్కన పెడుతుంది. ఆ వుండల్ని చూడగానే నాకు మా చెరువుకట్ట కళ్ళముందు ఆడింది. పోటు వచ్చే వేళకు ఒక్కొక్కటీ బొరియలోకి దిగి, నోటికి మట్టి మూత పెట్టుకుంటుంది. మా ఎండ్రికాయ ఎండకు మూత వేస్తే, ఇది నీటికి మూత వేస్తుంది. అంతే తేడా.

“మరి దీని పిల్లలో?” అని ఒక విద్యార్థిని అడిగింది.

మిత్రుడు వివరించాడు. ఈ పీత కూడా గుడ్లను కడుపు కిందనే మోస్తుంది. కాని అవి సన్నని ఇసుకరేణువుల్లాంటివి, వేలల్లో వుంటాయి. మండపీత అయితే లక్షల మీద లక్షలు. గుడ్డులో తిండి లేదు. పిల్ల ఇక్కడే వుంటే బతకదు. అమావాస్య, పున్నములకు వచ్చే పెద్ద పోటు చూసుకుని, రాత్రివేళ తల్లి నీటి అంచుకు వచ్చి, పిల్లల్ని ఆటులో వదిలేస్తుంది. పీత పోలికే లేని ఆ కంటికానని ప్రాణులు సముద్రంలోకి కొట్టుకుపోయి, వారాలతరబడి అక్కడ తిని, పెరిగి, రూపాలు మార్చుకుని, బతికినవి మళ్ళీ ఈ బురదకే చేరతాయి.

నేను బురదలో అట్లాగే నిలబడిపోయాను. ఒక తల్లి మోస్తుంది, ఒక తల్లి వదులుతుంది. ప్రేమలో ఎచ్చుతగ్గుల్లేవు. ఏ నీళ్ళలో పుట్టారో ఆ నీళ్ళు చెప్పినట్టు చేస్తారు. ఇరవై ఏళ్ళుగా నేను వేసిన లెక్క తప్పని ఆ సాయంత్రం అనిపించింది.

ఆ సంక్రాంతికి వూరికి పోయి, అమ్మ పక్కన అరుగు మీద కూర్చుని, ఈ కథంతా చెప్పాను. సముద్రపు పీత సంగతి, మన ఎండ్రికాయ సంగతి. ఆమె మనసు తేలికపడుతుందనుకున్నాను. ఆమెను క్షమించినంత గొప్పగా కూడా వుండి వుంటుంది నా గొంతు. ఇప్పుడు తలచుకుంటే సిగ్గుగా వుంది.

అమ్మ తాటాకు విసనకర్ర పక్కన పెట్టి చాలాసేపు వూరుకుంది. తరువాత అన్నది: “ఎత్తుకపోయినదాన్ని ఆడ్నే మట్టిల పెట్టి వస్తిమి. ఇడిసిపోయినోనివి నువ్వు బతికినవ్. ఆ యేడు బడి మానొద్దని నిన్ను ఉంచితిమి. రెండు కడుపులకు గంజి ఉండె, మూడో కడుపుకు లేకుండె. గంతే.” కొంచెం ఆగి, నవ్వినట్టు పెదవి విరిచి, “ఎండ్రికాయకేంది కొడుకా, అది మేస్త్రికి బాకి లేదు గద!” అన్నది.

నా దగ్గర వున్న శాస్త్రమంతా ఆ ఒక్కమాట దగ్గర ఆగిపోయింది. పీతకు నీళ్ళే ఆజ్ఞ. మనిషికి నీళ్ళతోపాటు మూడువందల రూపాయల బాకీ కూడా ఆజ్ఞ. ఆమె ఇప్పుడు లేదు. ఆ మాట మాత్రం నేను ఎవరికి ఏ నీతి చెప్పబోయినా ముందుగా వచ్చి అడ్డం నిలబడుతుంది.

పోయిన వానాకాలం వూరికి వెళ్ళాను. 2015లో మొదలైన మిషన్ కాకతీయలో మా చెరువు పూడిక కూడా తీశారు. కట్ట గట్టిగా వుంది. నీరడి మాత్రం లేడు. ఎండ్రికాయలు కూడా అప్పటిలాగా లేవు. మావైపు పురుగుల మందు ఏదైనా సరే “ఎండ్రిన్” అనే పిలిచేవారు. అసలు ఎండ్రిన్‌ను 1990లో నిషేధించారు గాని, వెనకాల వేరే పేర్లతో గుళికలూ మందులూ వస్తూనే వున్నాయి. మడిలో చల్లినది పురుగును చూసి, ఎండ్రికాయను చూడనట్టు వూరుకోదు కదా.

అయినా నా అదృష్టం, ఒక ఒడ్డు పక్కన మట్టివుండల కుప్ప, దాని పక్కనే ఒక ఆడ ఎండ్రికాయ. పట్టి తిరగవేస్తే, రేకు కింద పిల్లలు! అరవై ఏళ్ళవాణ్ణి, పదేళ్ళవాడి మాదిరి కేక వేశాను. జాగ్రత్తగా మడినీళ్ళలో వదలబోతున్నాను.

“సారూ, ఆగు! నిన్ననే నాటు ఏసిన. అది కొరికి పెడ్తది. నువ్వు పట్నం పోతవ్, పొలం నాది గద!” అని ఒడ్డు మీదినుంచి ఆ రైతు అరిచాడు.

అతను అన్నదీ నిజమే. పీత కష్టాలు పీతవి, రైతు కష్టాలు రైతువి. ఏం చెయ్యాలో తోచక చేతిలో పట్టుకుని నిలబడ్డాను. అతను వచ్చి చూశాడు. పిల్లల్ని చూశాడు. ఒక నిమిషం తల గోక్కున్నాడు.

“సరె తియ్యి, ఇటియ్యి. కాలువల ఇడుస్త” అని, నా చేతిలోంచి తీసుకుని, పంచె ఎగ్గట్టుకుని కాలువవైపు నడిచాడు. రెండడుగులు వేశాడో లేదో, “అబ్బ! పట్టిందో!” అని కేక పెట్టాడు. కాని వదల్లేదు. వేలు దాని కొండికి అట్లాగే ఇచ్చి, కాలువదాకా తీసుకుపోయాడు.